ఇంజెక్టర్ నీళ్లు పట్టుకోవడం లేదు, ఎవరైనా చెప్పండి

ఆవిరిపిచ్చి:
పొద్దుటి నుంచి దీనితోనే కుస్తీ. ఇంగ్లండ్‌లో ఒక పాత రైలు మార్గంలో వారాంతాల్లో జీతం లేని ఫైర్‌మన్‌గా, అంటే ఇంజన్‌లో బొగ్గు వేసి మంటా నీళ్లూ చూసే పని నేర్చుకుంటున్నాను. యాత్రికుల బండి లాగే ఆవిరి ఇంజన్‌లో కుడివైపు ఇంజెక్టర్ (ఆవిరి ఊపుతో బాయిలర్‌లోకి నీళ్లు తోసే పరికరం) మొరాయిస్తోంది. నీటి కాక్ తెరిస్తే కింద పైపులోంచి నీళ్లు పడుతున్నాయి. ఆవిరి వాల్వ్ తిప్పగానే ఒక్క క్షణం పట్టుకున్నట్టే పట్టుకుని, నీళ్లూ ఆవిరీ కలిపి పట్టాల మీదికి చిమ్మేస్తోంది. బాయిలర్‌లో పీడనం నిండుగా ఉంది. ట్యాంకులో నీళ్లున్నాయి. ఇంజెక్టర్ లోపలి కోన్లు (గరాటు లాంటి నాజిళ్లు) విప్పి చూశాం, బాగానే ఉన్నాయి. రెండో ఇంజెక్టర్ పుణ్యమా అని బండి నడిపించాం కానీ, డ్రైవర్ మాత్రం నాకు ఇంకా చేయి తిరగలేదని తేల్చేశాడు. ఇంకేం చూడాలి?

సూటిమాట:
టెండర్ ఇంజనా, ట్యాంక్ ఇంజనా? అంటే నీళ్లు వెనక తగిలించిన బండిలోనా, ఇంజన్ మీదేనా?

పాతఫైర్‌మన్:
బాబూ, నేను బిట్రగుంట షెడ్డులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ముందు బొగ్గు సంగతి చెప్పు. ఏ బొగ్గు వేస్తున్నారు? సింగరేణి బొగ్గుతో మేము పడ్డ పాట్లు ఇప్పటివాళ్లకు తెలియవు. బూడిద ఎక్కువ, కాస్త ఏమరితే మంట కింది ఇనుప జల్లెడ మీద క్లింకర్ (కరిగి గడ్డకట్టిన బూడిద) పలకలా కట్టేది. మంట పలచగా, వెలుగుగా, మూలలకు కొంచెం ఎత్తుగా ఉండాలి. పార నిండా ఎత్తి ఒకేచోట కుమ్మరించే ఫైర్‌మన్ చేతిలో ఏ ఇంజనూ బాగుపడదు. మీ దేశంలో వేల్స్ బొగ్గు ఉండేది, దానికి సాటి లేదు. ఆ చివరి పెద్ద గని కూడా 2023లో మూసేశారని చదివాను. ఇప్పుడు ఏం తగలేస్తున్నారు?

ఆవిరిపిచ్చి:
అయ్యా, బొగ్గుతో ఇబ్బంది లేదు, ఆవిరి బాగానే వస్తోంది. విదేశీ బొగ్గు, గుడ్డు ఆకారపు బొగ్గుపొడి దిమ్మలు కలిపి వేస్తున్నాం. ట్యాంక్ ఇంజనే. హన్‌స్లెట్ ఆస్టెరిటీ, వీపు మీద ట్యాంకు ఉండే రకం.

పట్టాలబాట:
హన్‌స్లెట్ అంటే ఇంగ్లండ్‌లోని లీడ్స్ కదా! మన పాత ఆవిరి ఇంజన్ ఫెయిరీ క్వీన్ కూడా అక్కడిదే. 1855లో కిట్సన్, థామ్సన్ అండ్ హెవిట్సన్ సంస్థ ఈస్టిండియన్ రైల్వేకు కట్టి పంపింది, నంబరు 22. 1997 నుంచి ఢిల్లీ, అల్వార్ మధ్య యాత్రికుల బండి లాగింది. దాని తోబుట్టువు నంబరు 21, పేరు ఎక్స్‌ప్రెస్, పెరంబూరులో బాగుచేశారు. ఇవి రెండూ ఇంకా బతికి ఉన్నాయని చాలామందికి తెలియదు. మీ ఆస్టెరిటీ వీటి ముందు చిన్నపిల్ల. 1943లో యుద్ధం కోసం మొదలైన నమూనా, మొత్తం 485 కట్టారు.

సూటిమాట:
వీపు ట్యాంకు అని ముందే చెప్పాల్సింది. ట్యాంకు నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి? చేయి పెట్టి చూడండి.

కోన్‌కొలత:
కోన్లు బాగున్నాయంటే ఏమిటి అర్థం? సున్నం పేరుకోలేదనా, లేక రంధ్రం కొలిచి చూశారా? వెంట్రుకవాసి అరిగినా ధార చెదురుతుంది. ఇనుప తీగతో గీకడం మాత్రం చేయకండి. నీళ్లు కలిపిన ఆమ్లంలో నానబెట్టి కడగాలి. అది సరే, నా అనుమానం గాలి మీద. నీటి పైపు జాయింట్‌లో సన్నని సందు ఉంటే గాలి పీలుస్తుంది, ధార తెగుతుంది.

సూటిమాట:
ట్యాంకు పైన ఉంది, ఇంజెక్టర్ కింద ఉంది. నీళ్లు వాటంతటవే దిగుతాయి. పీల్చే పనే లేదు.

కోన్‌కొలత:
నీళ్లు కిందికి దిగే రకమైనా, పైకి లాగే రకమైనా, ఆవిరి వదిలాక లోపల శూన్యం ఏర్పడుతుంది. సందు ఉంటే గాలి వస్తుంది. ఇంజెక్టర్ రకాలు నాకు నేర్పనక్కరలేదు.

సూటిమాట:
అలాంటి సందుంటే బండి నిలబడినప్పుడు అక్కడి నుంచే నీళ్లు కారాలి. కారుతున్నాయా? అతను చెప్పలేదు.

ఆవిరిపిచ్చి:
జాయింట్ల దగ్గర కారడం లేదు. పొద్దున షెడ్డు నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇంజెక్టర్ చక్కగా పనిచేస్తుంది, గోల మధ్యాహ్నమే. అప్పటికి ట్యాంకు నీళ్లలో చేయి ఉంచలేం. ఓవర్‌ఫ్లో పైపు (ఇంజెక్టర్ పట్టుకోని నీళ్లు బయటికి పోయే గొట్టం) నుంచి మాత్రం అన్నీ మూసినా సన్నగా ఆవిరి వస్తూనే ఉంటుంది. అది ఎప్పుడూ ఉండేదేలే అని రాయలేదు.

పాతఫైర్‌మన్:
అసలు సంగతి అదే నాయనా! బొగ్గు కాదు, గిగ్గు కాదు. ఇంజెక్టర్ ఆడేది చన్నీళ్ల మీదే. కోన్‌లోంచి దూసుకొచ్చిన ఆవిరి చల్లటి నీటిని తాకి నీరైపోవాలి. అప్పుడే ధారకు ఆ వేగం, ఆ వేగంతోనే బాయిలర్ పీడనాన్ని ఎదిరించి క్లాక్ వాల్వ్‌ను (బాయిలర్ నీళ్లు వెనక్కి రాకుండా ఆపే మూత) తోసుకుని లోపలికి పోతుంది. నీళ్లే వేడిగా ఉంటే ఆవిరి నీరు కాదు, ఎటూ పోలేక ఓవర్‌ఫ్లోలోంచి తన్నుకొస్తుంది. 1858లో జిఫార్ అనే ఫ్రెంచివాడు కనిపెట్టిన నాటి నుంచీ దీని గుణం ఇదే. మీ ట్యాంకు బాయిలర్ మీదే కూర్చుంది, అది కొంత కాగుతుంది. దానికి తోడు ఎక్కడో వాల్వ్ కారుతోంది, ఇంజెక్టర్ ఒళ్లు కాలిపోయి ఉంది. అలాంటప్పుడు నీటి కాక్ తెరవగానే ఆవిరి పైపులోంచి ట్యాంకులోకే తన్ని నీళ్లను ఇంకా కాస్తుంది.

కారేది ఏదో తేల్చడం కష్టం కాదు. బాయిలర్ మీద క్లాక్ వాల్వ్ పక్కన మూసే కాక్ ఉంటే, ఇంజెక్టర్ ఆపి ఉన్నప్పుడు దాన్ని మూసి చూడు. ఓవర్‌ఫ్లోలో ఆవిరి ఆగిపోతే క్లాక్ కూర్చోవడం లేదని. ఆగకపోతే ఆవిరి వాల్వే. ఆ కాక్ మళ్లీ తెరవడం మరిచిపోయి ఇంజెక్టర్ పెట్టావో, బాయిలర్‌లోకి నీళ్లు పోవు, జాగ్రత్త. ఆలోగా బండి నడపాల్సి వస్తే ఇంజెక్టర్ మీద తడి గోనె చుట్టి బకెట్టుతో చన్నీళ్లు పోయడమే. మేమూ వేసవిలో అదే చేసేవాళ్లం. స్టేషన్లో ఆగినప్పుడల్లా ట్యాంకులో కొత్త నీళ్లు పట్టించు.

లెడ్‌ప్లగ్:
ఇంత మాట్లాడుతున్నారు, గేజ్ గ్లాసులో (బాయిలర్ నీటిమట్టం చూపే గాజు గొట్టం) నీరు ఎంత ఉందో ఒక్కరైనా అడిగారా? ఫైర్‌బాక్స్ (మంట ఉండే పెట్టె) పైకప్పు మీద నీళ్లు తగ్గితే అందులోని లెడ్ ప్లగ్ (సీసపు బిరడా) కరిగి ఆవిరి మంట మీద పడుతుంది. అంతదాకా రానివ్వకూడదు. ఉన్న రెండు ఇంజెక్టర్లలో ఒకటి చెడితే ఆ రోజుకు యాత్రికుల బండికి ఆ ఇంజన్ కట్టడమే తప్పు. డబ్బు కోసం నడిపించేస్తారు.

ఆవిరిపిచ్చి:
గ్లాసులో సగానికి పైనే ఉంచాం.

కోన్‌కొలత:
నేను గాలి అన్నది ఇప్పటికీ కొట్టివేయలేరు.

పట్టాలబాట:
ఇంతకీ మన ఊటీ బండి ఇంజన్లకు ఇప్పుడు బొగ్గా, ఆయిలా?

పాతఫైర్‌మన్:
కొన్నిటిని ఆయిల్‌కు మార్చారు. గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో కొత్తవీ కట్టారు. అదీ మెట్టుపాళయం నుంచి కూనూరు దాకానే. అక్కడి నుంచి పైకి డీజిలే. ఆయిల్ మంట ముందు నిలబడినవాణ్ణి ఫైర్‌మన్ అనడానికి నాకు మనసొప్పదు.

లెడ్‌ప్లగ్:
ఆ ఎక్కుడులో మంట ఏదైనా నీటిమట్టం చూడాల్సింది ఫైర్‌మనే కదండీ.

ఆవిరిపిచ్చి:
కాక్ మూసినా ఆవిరి ఆగలేదు. ఆవిరి వాల్వే. ఫిట్టర్ వచ్చే వారం విప్పి, వాల్వ్ కూర్చునే సీటు గ్రైండ్ చేస్తానన్నాడు. థాంక్సండీ.

పట్టాలబాట:
అల్వార్ బండి టికెట్లు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలుసా?