దీపావళి: శుక్రవారం వద్దు, శనివారం రాత్రి పెట్టుకుందాం

అందరికీ నమస్కారం. హాలుకి డబ్బు కట్టేముందు ఒక్క మాట. నిరుడు దీపావళి శుక్రవారం సాయంత్రం పెట్టాం. ముగ్గుల దగ్గర్నుంచి కుర్చీల దాకా మన పిల్లలతో సమానంగా కష్టపడ్డ యూదు అమ్మాయి తీరా ఆ పూట రాలేకపోయింది. శుక్రవారం పొద్దుగూకడంతో వాళ్ళ షబ్బాత్, అంటే వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం, మొదలై, శనివారం చీకటిపడ్డాక ముగుస్తుంది. మనలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. నాకు ఏడాదిగా మనసులో ముల్లులా ఉంది.

ఆ అమ్మాయి ఇంట్లో ఇవేవీ పాటించేవారు కాదట. మన షాంపేన్ ఊళ్ళో కాలేజీకి వచ్చాకే అలవాటైంది. యూదు విద్యార్థుల సంస్థ హిల్లెల్ పుట్టింది కూడా ఇక్కడే, ఇల్లినాయ్ యూనివర్సిటీలో, 1923లో. కిందటి నెల మా అమ్మాయి ఆమెతో కలిసి శుక్రవారం భోజనానికి వెళ్ళొచ్చి ఒకటే చెప్పడం. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందే కొవ్వొత్తులు వెలిగించి, మనం హారతి కళ్ళకద్దుకున్నట్టే ఆ వెలుగును చేతులతో తమవైపు తిప్పుకుని కళ్ళు మూసుకుంటారట. బల్లమీద జడలా అల్లిన రొట్టెలు రెండు, పైన గుడ్డ. ముందు వైన్ మీద ప్రార్థన చేస్తారు కదా, రొట్టె చిన్నబుచ్చుకోకూడదని కప్పుతారట! కొన్ని ప్రార్థనలకి పదిమంది ఉండి తీరాలి. తొమ్మిదిమందే ఉన్న రోజు హాస్టల్ గదుల తలుపులు తట్టి పదోవాళ్ళని పిలుచుకొస్తారట. ఇల్లు వదిలొచ్చిన పిల్లకి "నువ్వొస్తేనే పదిమందిమవుతాం" అనే పిలుపు ఎంత బలమో!

నవంబరులో గడియారాలు వెనక్కి తిప్పాక ఇక్కడ పొద్దు ఐదులోపే గూకుతుంది. శనివారం ఏడింటికి మొదలుపెడితే ఆమె నిశ్చింతగా రావచ్చు. ఏమంటారు?

*

అక్కా, ఫుడ్ నేను చూస్తున్నా. శాకాహారమైతే చాలు కదా అనుకున్నా, అడిగితే చాలదట. మాంసం వండిన గిన్నెలో చేసిన పప్పు కూడా వాళ్ళకి పనికిరాదు. మాంసానికీ పాలకీ గిన్నెలు వేరు. మన ఇళ్ళల్లో వండిన పులిహోర పెట్టి మొహమాటపెట్టడం నాకిష్టం లేదు. వాళ్ళకోసం వేరే బల్లమీద కోయని పళ్ళు, కోషర్ (వాళ్ళ ఆహార నియమాలకి సరిపోతుందనే) గుర్తు ఉన్న సీలు తీయని ప్యాకెట్లు, కొత్త పేపరు ప్లేట్లు పెడతా. ఆ బల్లమీద మన గరిటెలు పెట్టకండి, దయచేసి.

*

ఆంటీ, స్టూడెంట్ వింగ్ నుంచి. శనివారం పగలు ఆ అమ్మాయికి డ్యూటీ వేయొద్దు. షబ్బాత్‌లో తను ఫోన్ ముట్టదు, రాయదు. మెసేజ్‌కి జవాబు రాలేదని ఎవరూ నొచ్చుకోకండి. సామాన్లు గురువారమే సర్దేస్తానంది.

*

తమ్ముడూ, మంచిపని. మాది చేబ్రోలు. పక్కనే కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయి, వాళ్ళకో ప్రార్థనా మందిరం కూడా ఉంది. ఆ మాట చెప్తే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. శనివారం కలిసినప్పుడు ఇంకా చెప్తా.

*

అందరికీ సమ్మతమే కాబట్టి శనివారం ఏడింటికి ఖాయం. ఇంకొకటి. మనం దీపాలు వెలిగించేముందు షబ్బాత్‌కి వీడ్కోలు చెప్పే హవ్‌దలా ఓ పది నిమిషాలు చేసుకోవచ్చా అని ఆ అమ్మాయి అడిగింది, సరేనన్నాను. అల్లిన కొవ్వొత్తి ఒకటి వెలిగించి, లవంగాలు, దాల్చినచెక్క వాసన చూసి, చివర్లో ఆ వత్తిని వైన్‌లో ఆర్పుతారు. కొవ్వొత్తి, గ్లాసు తను తెస్తుంది. లవంగాలు మా ఇంటినుంచి తెస్తా. హాలువాళ్ళని మంట గురించి అడిగే బాధ్యత ఎవరు తీసుకుంటారు?