రైడ్‌లో కెమెరా, గేటు దగ్గర కెమెరా రెండూ ఒకటేనా? పాప ముఖం గురించి టెన్షన్‌గా ఉంది

డాలస్_నాన్న:
డిసెంబర్ సెలవుల్లో ఆర్లాండో వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప, గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ. పోయినేడాది అనాహైమ్‌లో డిస్నీ వాళ్ల స్పైడర్‌మ్యాన్ రైడ్ వెబ్ స్లింగర్స్ ఎక్కాం, చేతిలో ఏమీ పట్టుకోనక్కర్లేదు, చెయ్యి విసిరితే చాలు, కెమెరా కనిపెట్టి తెర మీద సాలీడు దారం వెళ్లి తగులుతుంది. మా అమ్మ తన కళ్లజోడు మీదే త్రీడీ కళ్లజోడు పెట్టుకుని, కొంగు నడుముకి దోపుకుని మరీ విసిరింది. అప్పుడేం అనిపించలేదు గానీ ఈసారి వెళ్లేది మే 2025లో యూనివర్సల్ వాళ్లు తెరిచిన ఎపిక్ యూనివర్స్ పార్కుకి, అక్కడ గేటు దగ్గరే ముఖం చూసి పంపిస్తారట. పాప ముఖం ఎక్కడో కంప్యూటర్లో ఉండిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

విజన్_ఇంజనీర్:
రెండూ వేరండి. రైడ్‌కి కావాల్సింది చెయ్యి ఎక్కడుంది, ఎటు కదిలింది అన్నదే, అది ఎవరి చెయ్యో తెలియకపోయినా ఆట నడుస్తుంది. ఆర్లాండోలోని యూనివర్సల్‌లో డయాగన్ ఆలీ అనే హ్యారీ పాటర్ వీధితో పాటు 2014లో వచ్చిన మంత్రదండాలే చూడండి. దండం కొసన చిన్న ముక్క ఉంటుంది, మన లారీల వెనక అంటించే రేడియం స్టిక్కర్ లాంటిది, వెలుగు ఎటు నుంచి వస్తే అటే తిప్పి పంపుతుంది. ఆ వీధిలో షాపు కిటికీ దగ్గర కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు, దాంతోపాటే కెమెరా. కెమెరాకి తెలిసేది కదిలే ఒక మెరుపు చుక్క, అంతే, అది గీసిన గీత సరిపోతే మంత్రం పారుతుంది. పాపకి ముందే చెప్పండి, హారతి తిప్పినట్టు పెద్దగా తిప్పకూడదు, మణికట్టుతో చిన్నగా, నిదానంగా గీయాలి.

గేటు సంగతి అలా కాదు. అది ముఖాన్ని అంకెలుగా మార్చి టికెట్‌తో ముడిపెడుతుంది. డిస్నీ వాళ్లు 2021లో ఫ్లోరిడాలోని తమ మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో నెలరోజులు ఇదే పరీక్షించారు, ఇష్టమైనవాళ్లకే, పరీక్ష అయిపోయాక 30 రోజుల్లోపు ఆ వివరాలు తీసేస్తామన్నారు. కాబట్టి మీ టెన్షన్ రైడ్ మీద కాదు, గేటు మీద పెట్టుకోండి.

చికాగో_అమ్మ:
గేటు మీద నిజంగానే పెట్టుకోవాలి. మా ఇల్లినాయ్‌లో 2008 నుంచి చట్టం ఉంది, వేలిముద్రైనా ముఖం కొలతలైనా ముందు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే తీసుకోవాలి. ఇక్కడి సిక్స్ ఫ్లాగ్స్ పార్కుకి ఒక 14 ఏళ్ల అబ్బాయి స్కూల్ ట్రిప్‌లో వెళ్తే సీజన్ పాస్ కోసం బొటనవేలి ముద్ర తీసుకున్నారు. ఇంటికొచ్చాక వాళ్లమ్మ కాగితాలేవీ అని అడిగితే ఏమీ ఇవ్వలేదు, అంతా వేలిముద్రతోనే అన్నాడు. ఆ తల్లి కోర్టుకెళ్లింది. 2019 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు, నష్టం జరిగిందని విడిగా చూపించనక్కర్లేదు, అడగకుండా తీసుకోవడమే తప్పు అని తీర్పిచ్చింది. నేనూ తల్లినే, ఆ తీర్పు చదివినరోజు ప్రాణం లేచొచ్చింది. మీరు వెళ్లేది ఫ్లోరిడా, ఇక్కడి చట్టం అక్కడ పనికిరాదు, అందుకే టికెట్ కొనేముందే ఫోన్ చేసి పిల్లల ఫోటో తీస్తారా, ఎన్నాళ్లు ఉంచుతారు, వద్దంటే గుర్తింపు కార్డు చూపించి వెళ్లొచ్చా అని గట్టిగా అడగండి.

డాలస్_నాన్న:
ఇద్దరికీ థాంక్స్. రేపు పొద్దున ఫోన్ చేసి, వాళ్లేమన్నారో ఇక్కడే పెడతాను. పాప అయితే అప్పుడే పెన్సిల్ పట్టుకుని మణికట్టుతో గీతలు గీస్తోంది, వాళ్ల నానమ్మ పక్కన కూర్చుని ఇంకా చిన్నగా, ఇంకా చిన్నగా అంటోంది.