లేజర్ మిషన్ వస్తే హైడ్రోమీటర్ జాడీలు అటకెక్కించవచ్చా?

గాజువాక మట్టి:
విశాఖలో చిన్న సాయిల్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పోర్టు వైపు సైటు నుంచి మెరైన్ క్లే (సముద్రపు బంకమట్టి) వచ్చింది. 75 మైక్రాన్ల జల్లెడ దిగిన మట్టిని ఎప్పటిలాగే లీటరు జాడీలో కలిపి, హైడ్రోమీటర్‌తో (ద్రవం సాంద్రత చూపే, తేలే గాజు గొట్టం) 24 గంటలు రీడింగులు తీశాను. 2 మైక్రాన్ల కంటే సన్నది, అంటే క్లే, 31 శాతం వచ్చింది. అదే మట్టిని తెలిసినవాళ్ల దగ్గర, కాంతి చెదిరే తీరును బట్టి గింజల సైజు చెప్పే లేజర్ మిషన్‌లో పెట్టిస్తే 22. మా సారేమో "ఇంకా ఆ జాడీలెందుకు, లేజర్ కొనేద్దాం" అంటున్నారు. రిపోర్టులో ఏ అంకె వేయాలి? మీరేమంటారు?

పరవాడ క్యూసీ:
లేజర్ అంకే వేయండి, ఆలోచించక్కర్లేదు. మా మందుల పొడులకు అదే వాడతాం. నిమిషాల్లో డీ10, డీ50, డీ90 (పొడిలో 10, 50, 90 శాతం ఏ సైజు కంటే సన్నగా ఉందో చెప్పే అంకెలు) చేతికొస్తాయి. హైడ్రోమీటర్ రీడింగు చదివే మనిషిని బట్టి మారుతుంది. రాత్రి కరెంటు పోతే సెల్‌ఫోన్ లైటు వేసుకుని బురద నీళ్లలో గీత వెతికేవాళ్లను చూశాను. దాన్ని కొలత అంటామా?

జాడీ మాస్టారు:
తమ్ముడూ, గీత కనపడకపోవడం లైటు తప్పు, పద్ధతి తప్పు కాదు. బురద నీళ్లు కాబట్టే మెనిస్కస్ (గొట్టం చుట్టూ పైకి వంగే నీళ్లు) పై అంచు దగ్గర చదివి, తర్వాత కరెక్షన్ కలుపుతాం.

అసలు సంగతి వేరే. స్టోక్స్ 1851లో ఇచ్చిన సూత్రం ప్రకారం గింజ దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. (ఆయన లోలకాల మీద పనిచేస్తూ అక్కడికి వచ్చాడు, మట్టి కోసం కాదు.) మనం కొలిచేది గింజను కాదు, అది దిగే వేగాన్ని. "ఇంతే వేగంతో దిగే గుండ్రటి గింజ ఎంతుంటుంది" అన్నదే మన జవాబు. క్లే గింజలు గుండ్రంగా ఉండవు, పలకల్లా ఉంటాయి. బావిలో పెంకు ముక్క వేసి చూడు, ఊగుతూ నెమ్మదిగా దిగుతుంది. అంతే బరువున్న గులకరాయి సూటిగా పోతుంది. కాబట్టి జాడీ పలకను సన్నదంటుంది. లేజర్‌కు పలక వెడల్పు ముఖం కనపడుతుంది, లావుదంటుంది. అందుకే క్లే ఉన్న మట్టికి లేజర్ తక్కువ శాతం చూపడం మామూలే. అబద్ధం ఎవరూ చెప్పడం లేదు.

భీమిలి ఇసుక:
మాస్టారూ, జాడీని మరీ నెత్తికెత్తుకోకండి. మా భీమిలి నల్ల ఇసుకలో ఇల్మెనైట్ అనే బరువైన ఖనిజం ఉంటుంది, సాంద్రత 4.7 దగ్గర. క్వార్ట్జ్ 2.65. అలాంటి ఖనిజాలు కలిసిన సన్న పొడి తెచ్చి అంతటికీ 2.65 వేసి లెక్క కడితే, ఇల్మెనైట్ గింజలు రెండు రెట్లకు పైగా వేగంగా దిగిపోయి, ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు పెద్దవిగా తేలతాయి. లేజర్‌కు సాంద్రతతో పనిలేదు. దానికి కావలసింది వక్రీభవన గుణకం, అంటే కాంతి ఆ గింజలో ఎంత వంగుతుందో చెప్పే అంకె. అది తప్పుగా ఇస్తే సన్నగింజల దగ్గర తేడా కొడుతుందనుకోండి.

పరవాడ క్యూసీ:
నేనన్నదీ అదే. ఇంకో మాట, నీళ్లలో కరిగే పొడికి, సిమెంటులా నీటితో గట్టిపడే పొడికి మీ జాడీ ఏం చేస్తుంది?

జాడీ మాస్టారు:
నీళ్లు మానేసి వేరే ద్రవం వాడాలి. ఇక్కడ మాట్లాడుతున్నది మట్టి గురించి.

గాజువాక తమ్ముడికి ఒక ప్రశ్న. జాడీ మూతి అరచేత్తో మూసి, తలకిందులు చేస్తూ కలిపి బల్ల మీద పెట్టాక, ఓ గంటకు పైన నీళ్లు ఎలా ఉన్నాయి?

గాజువాక మట్టి:
పైన రెండు వేళ్ల మందం తేటగా ఉంది సార్. కింద బురదకీ దానికీ మధ్య గీత గీసినట్టు ఉంది. బాగా తేరుకుంటోందని సంతోషించాను.

జాడీ మాస్టారు:
చెడింది! క్లే ఉన్న జాడీ మర్నాటికి కూడా టీ నీళ్లలా కలకగానే ఉండాలి. గీత పడిందంటే గింజలు ఉండలు కట్టి, గుంపుగా దిగుతున్నాయి. సముద్రపు మట్టిలో ఉప్పు చేసే పని అది. ముందు ఉప్పు పోయేదాకా కడుగు. తర్వాత గింజలు ఉండ కట్టకుండా విడదీసే ద్రావణం కొత్తగా కలుపు. మట్టి పరీక్షల భారత ప్రమాణం ఐఎస్ 2720 నాలుగో భాగంలో ఉన్నట్టు లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు 33 గ్రాముల సోడియం హెక్సామెటాఫాస్ఫేట్, 7 గ్రాముల సోడియం కార్బొనేట్. అలమరలో ఎప్పటిదో పాత సీసా ఉంటే పారబోయి, దాని పని అయిపోయి ఉంటుంది.

పరవాడ క్యూసీ:
చూశారా, ఉప్పు సరిచేస్తే జాడీ అంకె లేజర్ దగ్గరికి వస్తుంది. పందెం.

గాజువాక మట్టి:
నాలుగు రోజులు పట్టింది. సీసా సంగతి మాస్టారు చెప్పినట్టే, డేటు చూస్తే పోయిన వేసవిది. మట్టి కడిగి, కొత్త ద్రావణంతో మళ్లీ చేశాను. ఈసారి గీత పడలేదు, మర్నాడు కూడా కలకే. క్లే 47 శాతం. అదే కడిగిన మట్టి లేజర్‌లో 24. క్యూసీ గారూ, దగ్గరికి రాలేదు, ఇంకా దూరం జరిగింది.

పరవాడ క్యూసీ:
పందెం ఓడాను, ఒప్పుకుంటున్నా. కానీ ఇంకో వైపు చూడండి. మీ జాడీ అంకె 31 నుంచి 47కి పోయింది. లేజర్ 22 నుంచి 24. మిషన్‌లో అల్ట్రాసౌండ్ ఆ ఉండల్ని మొదటిసారే విడగొట్టింది. రేపు మీ ల్యాబ్‌లో కొత్త కుర్రాడు కడగడం మరిచిపోతే ఏ అంకెను నమ్ముతారు?

భీమిలి ఇసుక:
ఇది మాత్రం గట్టి పాయింటు, మాస్టారూ.

జాడీ మాస్టారు:
గట్టిదే, కాదనను. కానీ క్లే శాతం వాడే మన పాత లెక్కలు, యాక్టివిటీ (మట్టి ప్లాస్టిసిటీ సూచికను, అంటే మెత్తగా మలచగలిగే తేమ పరిధిని, క్లే శాతంతో భాగిస్తే వచ్చేది) లాంటివి, జాడీ అంకెల మీద కట్టినవి. అందులో 24 వేస్తే యాక్టివిటీ దాదాపు రెట్టింపు అవుతుంది. కొనాలనుకుంటే లేజర్ కొనండి, జాడీలు మాత్రం బల్ల మీదే ఉంచండి. రిపోర్టులో అంకె పక్కన పద్ధతి పేరు కూడా రాయి.

గాజువాక మట్టి:
47, హైడ్రోమీటర్ అని రాసి పంపేశాను. సారు లేజర్ కొటేషన్ కూడా అడిగారు. చివరిగా ఒకటి, జాడీలున్న బల్ల మీదకి నేరుగా ఏసీ గాలి కొడుతుంది. ఫర్వాలేదా?

జాడీ మాస్టారు:
అయ్యో, ఇదా ఆఖర్న చెప్పేది! ఒక పక్క చల్లబడితే జాడీలో నీళ్లు తిరుగుతాయి, సన్న గింజ దిగదు. 2 మైక్రాన్ల గింజ 10 సెంటీమీటర్లు దిగడానికి 20 డిగ్రీల దగ్గర 7 గంటల 45 నిమిషాలు, 30 దగ్గర 6 గంటల 10 నిమిషాలు పడుతుంది. ఉష్ణోగ్రత ఎంతైనా సరే, నిలకడగా ఉండాలి. జాడీలను నీళ్ల తొట్టిలో పెట్టి, రీడింగు తీసిన ప్రతిసారీ థర్మామీటరు చూడు. ఆ 47 కూడా మళ్లీ ఒకసారి చేయాల్సిందే, తమ్ముడూ.