అప్‌డేట్: తాతయ్య పుస్తకంలోని పది రూపాయల గాంధీ స్టాంపు

పోయిన నెల రెండు ప్రశ్నలు అడిగాను. తాతయ్య నోటుపుస్తకంలో జిగురుతో అంటించిన స్టాంపులు చిరగకుండా ఎలా తీయాలి? అందులోని 1948 నాటి పది రూపాయల గాంధీ స్టాంపు అసలుదేనా?

మొదట చేదువార్త. గాంధీ స్టాంపు నకిలీదే. స్వాతంత్ర్యం వచ్చి ఏడాదైన రోజున, అంటే 1948 ఆగస్టు 15న వచ్చిన ఆ నాలుగు స్టాంపులూ స్విట్జర్లాండ్‌లో కూర్వాజియే సంస్థ ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో (చెక్కిన లోహపు సిలిండరుతో, బొమ్మ నున్నగా వచ్చేలా) అచ్చేసినవి. స్టాంపు అంచు వెంట రెండు సెంటీమీటర్లకు పదకొండున్నర పళ్ళు ఉండాలి. మా దానికి పదమూడు వచ్చాయి. నమ్మలేక మూడుసార్లు లెక్కపెట్టాను! భూతద్దం కింద చూస్తే ముఖమంతా ముతక చుక్కలు. పాపం తాతయ్య, ఎవరి దగ్గర కొన్నాడో.

తపాలా ముద్ర పడిన మిగతావాటిని కాగితంతో సహా కత్తిరించి మామూలు నీళ్ళలో నానబెట్టాను. కాసేపటికి వాటంతటవే ఊడాయి. పట్టకారుతో తీసి, బ్లాటింగ్ పేపర్ల మధ్య ఆరబెట్టాను. ఊదారంగు సిరా ముద్ర ఉన్నది మాత్రం నీళ్ళలో రంగు వదిలి పాడైంది. అలాంటివి ముందే పక్కన పెట్టాల్సింది.

పుస్తకం వెనక కవరులో, ఎవరూ ముట్టనట్టు, 1931 న్యూఢిల్లీ ప్రారంభోత్సవ సిరీస్‌లోని అణా స్టాంపు దొరికింది. కౌన్సిల్ హౌస్ బొమ్మది, అంటే మన పాత పార్లమెంటు భవనం. వెనక జిగురు చెక్కుచెదరలేదు, అందుకే దాన్ని నీళ్ళ దగ్గరికి కూడా తీసుకెళ్ళలేదు.

నకిలీ గాంధీని కూడా పారేయలేదు, తాతయ్య అంటించిన పేజీలోనే ఉంచేశాను.