రంగు పోయిన మట్టి మూత తీయగానే మళ్లీ ఎందుకు నల్లబడింది?

మట్టిజాడీ:
నమస్తే అండీ. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి అద్దకం రంగు పట్టిన మట్టి మీద పనిచేస్తున్నా. 200 గ్రాముల మట్టిలో రియాక్టివ్ బ్లాక్ 5 (నీళ్లలో నీలంగా కనిపించే అద్దకం రంగు) కలిపి, మునిగేలా నీళ్లు పోసి, కాస్త మొలాసిస్ వేసి మూత బిగించాను. ఆరో రోజుకి పైన తేరిన నీళ్లలో నీలం మాయం. ఎంత సంతోషమేసిందో! ఫోటో తీద్దామని మూత తీసి, రాత్రంతా అలాగే వదిలేశా. తెల్లారేసరికి పైన సన్నగా ఊదా, గోధుమ కలిసిన పొర కట్టింది. లోపలి మట్టి మాత్రం అలాగే ఉంది. రంగు తిరిగొచ్చిందంటారా? మట్టి శుద్ధికి సైక్లోడెక్స్‌ట్రిన్ అనే పదార్థం, లాకేజ్ అనే ఎంజైమ్ కొనాలనుకుంటున్నా. ఏది ముందు వెయ్యాలి?

తడిమన్ను:
మొలాసిస్‌కే గోధుమ రంగుంటుంది, కొలత తప్పుతుంది. గ్లూకోజ్ వాడండి. అదీ ఎక్కువైతే పులిసి పీహెచ్ పడిపోతుంది, బ్యాక్టీరియా డీలా పడతాయి.

బూజులావిడ:
తిరిగొచ్చింది ఆ రంగు కాదండీ, దాని ముక్క. చక్కెర తిన్న బ్యాక్టీరియా గాలి లేనిచోట ఎలక్ట్రాన్లను రంగు అణువులోని అజో బంధం (రెండు నైట్రోజన్‌ల జత) మీదికి తోస్తాయి. ఒక్కో బంధం తెగడానికి నాలుగు కావాలి. బ్లాక్ 5లో అలాంటివి రెండున్నాయి, అందుకే అణువు మూడు ముక్కలవుతుంది. నడిమి ముక్క గాలి తగలగానే నల్లబడుతుంది, మీరు చూసిన పొర అదే. రెండు చివరి ముక్కలు రంగు లేకుండా మట్టిలోనే ఉంటాయి. అవీ ఆరోమాటిక్ ఆమైన్‌లే, అంటే బెంజీన్ ఉంగరానికి నైట్రోజన్ గుంపు అతికిన పదార్థాలు. కొన్ని అజో రంగుల నుంచి పుట్టే బెంజిడిన్ లాంటివైతే క్యాన్సర్ కారకాలు. రంగు పోయిందని మట్టి బాగైందనుకుంటే చాలా బాధేస్తుంది నాకు, సగం పనే అయింది కాబట్టి. మూత తీసి గాలి ఆడించే రెండో దశ తప్పనిసరి.

లాకేజ్ అక్కడే పనికొస్తుంది. 1883లో యోషిదా దీన్ని లాకర్ చెట్టు పాలలో గుర్తించారు. ఆ పాలు నల్లబడి గట్టిపడేది దీని వల్లే. ఆక్సిజన్‌తో ఫీనాల్‌లను, ఆమైన్‌లను కదిలించి ఒకదానికొకటి అతికిస్తుంది, కొన్ని హ్యూమస్‌కి (మట్టిలోని కుళ్లిన ఆకూ అలములకి) అంటుకుపోతాయి. రాగి ఉన్న ఎంజైమ్ ఇది. కట్టెని కుళ్లబెట్టే తెల్లకుళ్లు శిలీంధ్రాల లాకేజ్‌కి సాధారణంగా ఆమ్లత్వం ఇష్టం, క్లోరైడ్ పడదు. రియాక్టివ్ అద్దకంలో ఉప్పు బాగా వాడతారు కదా, అలాంటి నీళ్లు పారిన నిజం మట్టిని ముందు కడగకపోతే ఎంజైమ్ దండగ. బంకమట్టికి అంటుకుని కూడా బలం పోతుంది.

సైక్లోడెక్స్‌ట్రిన్ మీకు ఇప్పుడే వద్దు. పిండిపదార్థం నుంచి ఎంజైమ్‌తో చేసే ఉంగరం అది. బీటాలో ఏడు గ్లూకోజ్‌లు, లోపలి గుంటకి నీళ్లంటే పడదు. పాలియెస్టర్‌కి వేసే డిస్పర్స్ రంగులు నీళ్లలో కరగవు, వాటిని మట్టి నుంచి ఆ గుంటలోకి లాగి ఎంజైమ్‌కి అందిస్తుంది. మీ బ్లాక్ 5 నీళ్లలో ఇట్టే కరుగుతుంది.

మట్టిజాడీ:
ఇన్నాళ్లూ నీలాన్నే కొలుస్తూ కూర్చున్నానండీ! మరి మట్టి రంగుని పీల్చుకున్నా నీళ్లు తేటగానే కనిపిస్తాయిగా, అదెలా తేల్చుకోవాలి?

బూజులావిడ:
అదే మట్టిని ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపి) రెండో జాడీ పెట్టండి. అందులోనూ నీలం తగ్గితే, తగ్గిన మేరకు మట్టి పీల్చుకున్నట్టే. రెండు జాడీల మట్టినీ మెథనాల్ కలిపిన నీళ్లతో కడిగి, ఆ కడుగుని హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో) పెట్టి ఆమైన్‌లు చూడండి. ఆఖరికి విషం మిగిలిందేమో తెలియడానికి ఆ మట్టిలో ఇరవై విత్తనాలు నాటి వేళ్ల పొడవు కొలవండి.