మలాలా అడిగింది అసలు ఏమిటి? "12 ఏళ్ల చదువు" లెక్క ఎక్కడిది?

కొత్తపలక:
మలాలా యూసఫ్‌జాయ్ మీద వ్యాసం రాస్తున్నాను. ఎక్కడ చూసినా తూటా, నోబెల్, మళ్లీ తూటా. ఆమె అడిగిందేమిటో మాత్రం "ఆడపిల్లలకు చదువు కావాలి" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తున్నారు. పాకిస్థాన్ రాజ్యాంగంలోనే విద్యాహక్కు ఉందంటారు కదా, మరి పోరాటం దేనికి? ఆమె అందరికీ 12 ఏళ్ల ఉచిత చదువు అడుగుతోందంటారు, ఆ లెక్క ఎవరిది?

పాతఅట్లాసు:
తూటాతో మొదలుపెట్టకండి, తాలిబన్లు ఆమెను కాల్చింది 2012 అక్టోబరు 9న. అసలు కథ అంతకు దాదాపు నాలుగేళ్ల ముందుది. పాకిస్థాన్‌లో ఆమె ఊరున్న స్వాత్ లోయలో తాలిబన్లు ఆడపిల్లల బళ్లన్నీ మూసేయాలని పెట్టిన గడువు 2009 జనవరి 15. అప్పటికే వందకు పైగా బళ్లు ధ్వంసం చేశారు. ఆ జనవరిలోనే బీబీసీ ఉర్దూలో 'గుల్ మకై' మారుపేరుతో ఆమె డైరీ మొదలైంది. అప్పటికి 11 ఏళ్లు. తండ్రి జియావుద్దీన్ మింగోరాలో నడిపే బడిలోనే చదువు.

డైరీ తెచ్చుకుని చదవండి, నినాదాలు కనిపించవు. క్లాసులో 27 మందికి 11 మందే వచ్చారని రాస్తుంది. యూనిఫాం వద్దు, మామూలు బట్టల్లో రమ్మన్నారని ఇష్టమైన గులాబీ డ్రెస్ వేసుకెళ్తే, రంగురంగుల బట్టలు కూడా వద్దని ప్రార్థన దగ్గర చెప్పారని రాస్తుంది.

చాలా వ్యాసాల్లో జారిపోయే ముక్క ఇంకోటి: కొన్ని వారాలకే తాలిబన్లు కాస్త మెత్తబడి, ప్రాథమిక తరగతుల ఆడపిల్లలను రానిచ్చారు. పై తరగతులకే నిషేధం మిగిలింది. మీ 12 ఏళ్ల ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది: చదువు తెగేది పై తరగతుల దగ్గరే.

ఇరవైఐదు_ఎ:
మిగతా సగం నేను చెప్తా. పాకిస్థాన్ రాజ్యాంగంలో విద్యాహక్కు ఇచ్చే 25-ఎ అధికరణ 2010లో 18వ సవరణతో వచ్చింది: 5 నుంచి 16 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య. అయితే "చట్టం నిర్ణయించిన రీతిలో" అని ఉంది. చట్టం చేయాల్సింది రాష్ట్రాలు. సింధ్ 2013లో చేసింది, పంజాబ్ 2014లో. స్వాత్ ఉన్న ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా 2017 దాకా చేయలేదు. అంటే ఆమెపై కాల్పులు జరిగిన నాటికి హక్కు కాగితం మీద ఉంది, దాన్ని నడిపే చట్టమే లేదు.

ఇక అంతర్జాతీయంగా: 2000 నాటి ఐక్యరాజ్యసమితి సహస్రాబ్ది లక్ష్యాలు ప్రాథమిక విద్య దగ్గరే ఆగాయి. 2015లో కొత్త లక్ష్యాలు రాసేటప్పుడు ఆమె సంస్థ మలాలా ఫండ్ పట్టుబట్టింది దీని మీదే: ఐదో తరగతితో సరిపెట్టొద్దు, హైస్కూలు పూర్తయ్యేదాకా ఉచితం కావాలి. సుస్థిరాభివృద్ధి లక్ష్యం 4.1లో సెకండరీ విద్య చేరింది. అదే ఏడాది ప్రపంచ విద్యా సదస్సులో వచ్చిన ఇంచియాన్ ప్రకటన 12 ఏళ్లు ఉచితం, అందులో కనీసం 9 నిర్బంధం అంది. ఒత్తిడి తెచ్చింది ఆమె ఒక్కతే కాదు, యునెస్కో మొదలు చాలామంది ఉన్నారు. "మలాలా సాధించింది" అని రాసేయకండి.

గోడలేనిబడి:
చట్టం వచ్చినా పిల్ల ఐదో తరగతి తర్వాత ఎందుకు మానేస్తుందో రాయకపోతే వ్యాసం డొల్లే. ఊళ్లో ప్రైమరీ ఉంటుంది, మిడిల్ స్కూలు ఇంకెక్కడో. దారి దూరం, వ్యాన్ ఖర్చు, ప్రహరీ గోడ లేకపోవడం, మరుగుదొడ్డి లేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి తేడా కొట్టినా ఇంట్లోవాళ్లు మాన్పించేస్తారు. అన్నిటికంటే మొండి సమస్య టీచరమ్మ. పల్లెల్లో చాలాచోట్ల ఆడపిల్లల బడికి ఆడ టీచరే కావాలంటారు. ఆ ఊళ్లో పది చదివిన అమ్మాయే లేకపోతే టీచరు పట్నం నుంచి రావాలి, రాను పోను బండి లేక ఆమె సెలవులు పెడుతుంది, బడి మూతపడుతుంది. రేపటి టీచరు కావలసిన అమ్మాయి ఇవాళ ఐదుతో ఆగిపోతుంది.

డబ్బు సాయం కొంత పనిచేస్తుంది. పాకిస్థాన్ పంజాబ్‌లో అక్షరాస్యత తక్కువున్న జిల్లాల్లో 2004 నుంచి 6-8 తరగతుల అమ్మాయిలకు నెలకు 200 రూపాయలిచ్చారు, 80 శాతం హాజరు ఉంటేనే. సరిగ్గా చదువు తెగే చోట పట్టుకున్నారు. కానీ దగ్గర్లో మిడిల్ స్కూలే లేని పిల్లకు హాజరు ఎక్కడిది?

కొత్తపలక:
అందరికీ థాంక్సండీ. మరి మలాలా ఫండ్ బళ్లు కట్టిస్తుందా?

పాతఅట్లాసు:
ప్రధానంగా కాదు. స్థానికంగా పనిచేసేవాళ్లకు నిధులివ్వడం, ప్రభుత్వాల మీద ఒత్తిడి తేవడం దాని పద్ధతి. కట్టించినవీ ఉన్నాయి: 2015లో లెబనాన్‌లో సిరియా శరణార్థి అమ్మాయిలకు ఒకటి, 2018లో స్వాత్ పక్కనే షాంగ్లాలో ఒకటి.

ఇంకో మాట. 2014 నోబెల్ ఆమెకొక్కదానికే వచ్చినట్టు రాస్తుంటారు, కైలాశ్ సత్యార్థితో కలిపి ఇచ్చారు. అఫ్గానిస్థాన్ ప్రస్తావిస్తే విడదీసి రాయండి: తాలిబన్లు మళ్లీ అధికారంలోకి వచ్చిన 2021 నుంచి అక్కడ అమ్మాయిల చదువు ఆరో తరగతి దగ్గర ఆగింది, అమ్మాయిలకు యూనివర్సిటీలు మూసింది 2022 డిసెంబరులో. రెండూ ఒకే ఉత్తర్వు కాదు.