అనంతం సంఖ్యేనా, కాదా?

అరసున్న:
నిన్న మా అమ్మాయికి లిమిట్స్ (ఒక విలువ దేనికి దగ్గరవుతూ పోతుందో చూసే లెక్కలు) చెబుతూ ఇరుక్కుపోయాను. అనంతానికి 1 కలిపినా అనంతమే అన్నాను. "అయితే రెండువైపులా అనంతం తీసేస్తే 1 = 0 కదా నాన్నా" అంది. నోట మాట రాలేదు. నా ఉద్దేశంలో అనంతం సంఖ్య కాదు, 'అంతులేకుండా పెరుగుతూ పోతుంది' అనడానికి ఒక గుర్తు, అంతే. అనంతాన్ని పూర్తయిన రాశిగా వాడకూడదని జర్మన్ గణితవేత్త గౌస్ కూడా 1831లో ఒక ఉత్తరంలో రాశాడు.

లెక్కలపిచ్చి:
లిమిట్స్ వరకు మీరన్నది కరెక్టే. కానీ గౌస్ దగ్గరే ఆగిపోతే ఎలా అరసున్న గారూ? 1, 2, 3... కింద 2, 4, 6... రాయండి. 1కి 2, 2కి 4, 3కి 6. రెండు వరుసల్లోనూ ఏదీ మిగలదు. సరి సంఖ్యలు సగమే అనిపిస్తుంది గానీ జతలు సరిపోతున్నాయి కాబట్టి రెండూ సమానమే అన్నాడు జర్మన్ గణితవేత్త కాంటర్. (గెలీలియో 1638లోనే వర్గ సంఖ్యలతో ఇది గమనించి, అనంతాల్లో ఎక్కువ తక్కువలు చూడలేమని వదిలేశాడు.)

కాంటర్ వదల్లేదు. 0కీ 1కీ మధ్య ఉన్న దశాంశాలన్నీ వరుసగా రాసేశామనుకోండి. మొదటిదాంట్లో మొదటి అంకె, రెండోదాంట్లో రెండో అంకె, ఇలా ఐమూలగా దిగుతూ 5 ఉన్నచోట 6, లేనిచోట 5 వేయండి. వచ్చిన సంఖ్యకు జాబితాలోని ప్రతిదానితోనూ ఒక అంకెలోనైనా తేడా ఉంటుంది, కాబట్టి అది జాబితాలో ఎక్కడా ఉండదు. అంటే ఈ అనంతం 1, 2, 3...ల అనంతం కన్నా పెద్దది! ఈ కిటుకు 1891 నాటిది.

కోడ్‌రాత:
మెషిన్ని అడగండి. కంప్యూటర్లు దశాంశాల లెక్కలు ఎలా చేయాలో చెప్పే ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం 1.0ని 0.0తో భాగిస్తే ఇన్ఫినిటీ. ఇన్ఫినిటీలోంచి ఇన్ఫినిటీ తీస్తే 'సంఖ్య కాదు' అని వస్తుంది. పాపకు జవాబు అదే. అన్నట్టు, సున్నా హారంగా ఉన్న రాశిని భాస్కరాచార్యుడు 'ఖహరం' అన్నాడు, ఎంత కలిపినా ఎంత తీసినా మారదన్నాడు.

అరసున్న:
చూశారా, మెషిన్ నా పక్షమే! ఐమూల సంగతి కాగితం మీద వేశాను: 0.5000, 0.3333, 0.1415, 0.7182. నాకు 0.6555 వచ్చింది, నాలుగింట్లో ఏదీ కాదు. దాన్నీ జాబితాలో చేర్చేస్తే?

లెక్కలపిచ్చి:
చేర్చండి. మళ్లీ ఐమూలగా దిగితే ఇంకోటి బయటపడుతుంది.

అరసున్న:
సరే, అనంతాల్లో పెద్దవీ చిన్నవీ ఉన్నాయని ఒప్పుకుంటాను. కానీ తీసివేత కుదరనిదాన్ని సంఖ్య అని ఎలా అంటాం?

లెక్కలపిచ్చి:
సహజ సంఖ్యల్లో 3లోంచి 5 తీయడం కూడా కుదరదు. 3ని సంఖ్య కాదంటామా?